గాలిని చూసుకుని గుడారం వేయండి: లడింగ్టన్ స్టేట్ పార్కులో క్యాంపింగ్

మిషిగన్ రాష్ట్రంలో లడింగ్టన్ ఊరు దాటి ఎం-116 రోడ్డు పట్టుకుని ఉత్తరానికి వెళ్తే, ఎనిమిది మైళ్ళు పోయేసరికి ఆ రోడ్డు అయిపోతుంది. అది ఆగిపోయే చోటే లడింగ్టన్ స్టేట్ పార్కు. పడమటివైపు మిషిగన్ సరస్సు, తూర్పువైపు హామ్లిన్ సరస్సు, రెంటినీ కలుపుతూ మైలు పొడవున పారే సేబుల్ నది, చుట్టూ అయిదు వేల ఎకరాలకు పైగా ఇసుక దిబ్బలు, అడవి. డెట్రాయిట్ నుంచి గానీ షికాగో నుంచి గానీ సుమారు 250 మైళ్ళు, నాలుగు గంటల ప్రయాణం. ఆ రెండు నగరాల చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలకు, పిల్లలతో కలిసి మొదటిసారి గుడారంలో పడుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు నేను చెప్పలేను.

ఇక్కడికి వచ్చేవాళ్ళు ముందుగా తెలుసుకోవాల్సింది గాలి సంగతి. ఈ దిబ్బలను పోసింది పడమటి గాలి. మంచు యుగం చివర హిమానీనదాలు వదిలి వెళ్ళిన ఇసుకను అలలు ఒడ్డుకు తోస్తే, గాలి దాన్ని లోపలికి మోసుకొచ్చి గుట్టలు చేసింది. మీ టెంటు నిలబడుతుందా, నెగడు మండుతుందా, పిల్లలు నీళ్ళలో దిగవచ్చా, ఈగలు కుడతాయా అన్నవి కూడా ఆ గాలే తేలుస్తుంది. అది ఎటునుంచి, ఎంత జోరుగా వీస్తోందో రోజుకు రెండు మూడుసార్లు చూసుకోవడం అలవాటు చేసుకోండి. కింద చెప్పే పనుల్లో చాలావాటికి అదే ఆధారం.

మొదటి పని: ఆరు నెలల ముందే చోటు పట్టుకోండి

మిషిగన్ స్టేట్ పార్కుల్లో క్యాంపు సైట్ల బుకింగు, మీరు చేరే తేదీకి ఆరు నెలల ముందు ఉదయం 8 గంటలకు మొదలవుతుంది. జులై 10న చేరాలనుకుంటే జనవరి 10న పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చోవాలి. ఆ రాష్ట్రంలో జనం ఎగబడే పార్కుల్లో లడింగ్టన్ ఒకటి. జులై, ఆగస్టు వారాంతాలు నిమిషాల్లో అయిపోతాయి. ముందురోజే ఖాతా తెరిచి పెట్టుకోండి. పార్కు మ్యాపు చూసి, నచ్చిన సైట్ల నంబర్లు మూడు నాలుగు కాగితం మీద రాసుకోండి. ఒక్క నంబరు మీదే ఆశ పెట్టుకుంటే అది చేజారేలోగా మిగతావీ పోతాయి. అప్పటికీ దొరక్కపోతే వదిలేయకండి. రద్దయిన బుకింగులు మళ్ళీ జాబితాలోకి వస్తూనే ఉంటాయి. వారం మధ్య రోజులకు వెళ్ళగలిగినవాళ్ళకు చోటు తేలిగ్గా దొరుకుతుంది.

ఏ నెలలో వెళ్ళాలన్నది చాలామంది తప్పుగా ఎంచుకుంటారు. జూన్‌లో పగలు ఎండగా ఉన్నా మిషిగన్ సరస్సు నీళ్ళు ఎముకలు కొరికేంత చల్లగా ఉంటాయి. అంత పెద్ద సరస్సు వేడెక్కడానికి వేసవి అంతా పడుతుంది. బడికి వెళ్ళే పిల్లలుంటే ఆగస్టులో, బడులు తెరిచేలోపు వెళ్ళడం మంచిది. పిల్లల బడితో పని లేనివాళ్ళు సెప్టెంబరు మొదటి సోమవారం, అంటే లేబర్ డే దాటాక వెళ్ళండి. జనం తగ్గుతారు, నీళ్ళ వెచ్చదనం అప్పటికింకా పోదు, దోమలు కూడా తక్కువ. నా ఓటు ఎప్పుడూ దానికే.

పార్కులో కారు ఆపుకుని దిగే క్యాంపు మైదానాలు మూడు: పైన్స్, సీడర్, బీచ్‌వుడ్. పైన్స్ మిషిగన్ సరస్సుకూ లైట్‌హౌస్ దారికీ దగ్గర. నేల ఇసుకగా ఉంటుంది, గాలి తగులుతుంది. బీచ్‌వుడ్ హామ్లిన్ సరస్సు వైపు, చెట్ల నీడలో ఉంటుంది. చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న కుటుంబాలకు నేను బీచ్‌వుడ్డే చెబుతాను. జాక్ పైన్ అని నాలుగోది ఉంది కానీ సామాను వీపున వేసుకుని మైలు దూరం నడిచి చేరాలి. మొదటిసారి దాని జోలికి పోకండి. అన్నట్టు, ఏ పార్కులోనైనా సైటు వివరాల్లో 'మోడరన్' అని ఉంటే కరెంటు, వేడినీళ్ళ స్నానాలగది, ఫ్లష్ మరుగుదొడ్లు ఉన్నట్టు. 'రస్టిక్' అని ఉంటే గుంట మరుగుదొడ్డి, చేతిపంపు. ఈ తేడా చూసుకోకుండా బుక్ చేసి, అత్తగారినీ మామగారినీ వెంటబెట్టుకుని వెళ్ళి ఇబ్బంది పడకండి.

ఇంకో నిబంధన. ఒక సైటులో ఆరుగురు లేదా ఒకే కుటుంబం మాత్రమే ఉండాలి. మనవాళ్ళు నాలుగు కుటుంబాలు కలిసి వెళ్తారు కాబట్టి పక్కపక్క సైట్లు ముందే చూసుకుని, ఒక్కో కుటుంబం ఒక్కోటి ఒకేసారి బుక్ చేయాలి. ఒక్క సైటులో అందరినీ కుక్కితే రేంజర్ వచ్చి అడుగుతాడు.

సైటు అద్దె కాక, కారు లోపలికి వెళ్ళడానికి రిక్రియేషన్ పాస్‌పోర్ట్ కావాలి. మిషిగన్ వాసులు కారు నంబరు ప్లేటు రెన్యువల్ చేసేటప్పుడే దాన్ని తీసుకోవచ్చు. ఇతర రాష్ట్రాల కార్లకు రోజు పాసు గానీ ఏడాది పాసు గానీ ఉంటుంది.

సామాను సర్దుకోవడం

సాధారణ జాబితాలు ఎక్కడైనా దొరుకుతాయి. ఈ చోటుకు ప్రత్యేకంగా కావాల్సినవి మాత్రం చెబుతాను.

టెంటుతో వచ్చే సన్నటి మేకులు ఇసుకలో నిలవవు. వెడల్పాటి, పొడవాటి ఇసుక మేకులు విడిగా కొనుక్కోండి. వాటితోపాటు నాలుగైదు ఖాళీ గుడ్డ సంచులు తీసుకెళ్ళండి. వాటి ఉపయోగం కింద చెబుతాను. చిన్న చీపురు, కాళ్ళు కడుక్కోవడానికి వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు, టెంటు గుమ్మం ముందు వేయడానికి పాత చాప, ఒక టాల్కం పౌడరు డబ్బా. తడి కాలికి అంటిన ఇసుక ఎంత తుడిచినా పోదు. కాస్త ఆరనిచ్చి, పౌడరు చల్లి చేత్తో రుద్దితే పొడిపొడిగా రాలిపోతుంది. పసిపిల్లల తల్లులు ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు.

జులైలో కూడా రాత్రిళ్ళు 55 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 13 సెల్సియస్ దాకా దిగుతుంది. ఇంట్లో కప్పుకునే దుప్పట్లు చాలవు. చలి పైనుంచి కన్నా కింది నుంచి ఎక్కువ లాగుతుంది కాబట్టి స్లీపింగ్ బ్యాగుకు పెట్టే డబ్బులో కొంత కింద వేసుకునే మందపాటి పరుపుకు పెట్టండి. గాలి నింపే పరుపులో కింద ఉన్న గాలంతా చల్లబడుతుంది. దానిమీద దళసరి దుప్పటో రగ్గో పరిచి పడుకోండి.

పార్కులో ఫోను సిగ్నల్‌ను నమ్ముకోవద్దు. బుకింగు కాగితం అచ్చు తీసుకోండి, మ్యాపు ముందే దించి పెట్టుకోండి. కలిసి వెళ్ళే కుటుంబాలు ఎక్కడ కలుసుకోవాలో బయల్దేరే ముందే అనుకోండి.

కట్టెలు మాత్రం ఇంటి నుంచి తీసుకెళ్ళవద్దు. 2002లో డెట్రాయిట్ పరిసరాల్లో బయటపడిన ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చటి పురుగు కోట్లాది యాష్ చెట్లను చంపేసింది. అది తనంతట తాను ఏడాదికి కొద్ది మైళ్ళే పోగలదు. మనుషులు కార్లలో మోసిన కట్టెలతోనే దూరదూరాలకు పాకింది. పార్కు దగ్గర అమ్మే కట్టెలు గానీ, వేడిచేసి పురుగు చంపినట్టు ముద్ర ఉన్న కట్టెల మోపు గానీ కొనండి.

దారిలో

డెట్రాయిట్ వైపు నుంచి వచ్చేవాళ్ళు చివరి భాగంలో యూఎస్-10 మీద, షికాగో వైపు నుంచి వచ్చేవాళ్ళు యూఎస్-31 మీద లడింగ్టన్ చేరతారు. యూఎస్-31 దారిలో వచ్చే ఓషియానా కౌంటీ ఆస్పరాగస్ తోటలకు పేరు. మే, జూన్ నెలల్లో వెళ్తే రోడ్డు పక్కనే కట్టలు కట్టి అమ్ముతారు. నూనె, ఉప్పు, కారం రాసి నెగడు మీద కాల్చుకుంటే చాలా బాగుంటుంది. జులైలో చెర్రీలు, ఆగస్టులో మొక్కజొన్న పొత్తులు. విస్కాన్సిన్ తెలుగువాళ్ళు సరస్సును చుట్టి రానక్కర్లేదు. మానిటోవాక్ నుంచి ఎస్ఎస్ బ్యాడ్జర్ అనే ఓడ కార్లతో సహా లడింగ్టన్‌కు తెస్తుంది, సుమారు నాలుగు గంటల ప్రయాణం. 1952లో జలప్రవేశం చేసిన ఆవిరి ఓడ అది. పిల్లలకు అదే ఒక ముచ్చట.

సైటులోకి మధ్యాహ్నం 3 గంటల తరువాతే వెళ్ళనిస్తారు. వెలుగు ఉండగా చేరండి. జూన్ చివర లడింగ్టన్‌లో సూర్యాస్తమయం రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో అవుతుంది కాబట్టి వెలుగుకు కొరత లేదు. అయితే ఆ వెలుగును చూస్తూ పిల్లల అన్నం వేళ మర్చిపోతారు. వాళ్ళకు ఏడింటికే పెట్టేయండి.

టెంటు వేయడం

కారు దిగగానే టెంటు సంచి విప్పకండి. ముందు తల ఎత్తి చూడండి. పైన ఎండిన కొమ్మలుంటే ఆ కింద టెంటు వేయవద్దు. తరువాత చేతిలోకి పిడికెడు పొడి ఇసుక తీసుకుని నడుము ఎత్తు నుంచి జారవిడవండి. అది ఎటు పోతుందో అటే గాలి పోతోంది. ఇక్కడ ఎక్కువ రోజులు పడమటి నుంచో, నైరుతి నుంచో వీస్తుంది. మధ్యాహ్నం నేల వేడెక్కాక సరస్సు గాలి జోరందుకుంటుంది, చీకటి పడ్డాక తగ్గుతుంది. కాబట్టి సాయంత్రం ప్రశాంతంగా ఉందని మోసపోకుండా, పడమటి గాలి వస్తుందనే లెక్కతోనే వేయండి. టెంటు సన్నటి వైపు గాలికి ఎదురుగా, గుమ్మం తూర్పు వైపు ఉండాలి. వెడల్పాటి వైపు గాలికి పెడితే అది తెరచాప అవుతుంది.

మేకులు ఇసుకలో నిటారుగా దించకండి. టెంటుకు దూరంగా వాల్చి, తల దాకా దించాలి. ఇక ఆ గుడ్డ సంచుల సంగతి. ఒక్కో సంచిలో ఇసుక నింపి మూతి కట్టండి. టెంటు తాడును సంచి నడుముకు ముడివేయండి. అడుగు లోతు గుంట తీసి సంచిని అందులో పెట్టి, ఇసుక కప్పి, కాలితో బాగా తొక్కి, పైన చెంబుడు నీళ్ళు పోయండి. తడి ఇసుక గట్టిపడుతుంది. రాత్రి ఉరుములతో గాలివాన వచ్చినా ఆ తాడు కదలదు. గాలికి ఎదురుగా ఉన్న రెండు తాళ్ళకైనా ఇలా చేయండి. వెళ్ళేటప్పుడు సంచులు తవ్వి తీసి, గుంటలు పూడ్చాలి సుమా.

టెంటు కింద పరిచే పట్టా టెంటు అడుగుకన్నా రెండంగుళాలు లోపలికే ఉండాలి. బయటికి వస్తే వాన నీళ్ళు దానిమీద పడి టెంటు కిందికి జారతాయి. బల్ల మీద నీడకోసం వేసే నాలుగు కాళ్ళ పందిరి ఉంటే, రాత్రి పడుకునే ముందు తప్పకుండా మడిచేయండి. గాలివాన రాత్రుల్లో ముందుగా ఎగిరేది అదే.

వంట, నెగడు

మొదటి రాత్రికి వంట పెట్టుకోవద్దు. ఇంటి దగ్గర కలిపిన పులిహోర, చపాతీలు, వేపుడు చాలు. రవ్వ వేయించి, పోపు కలిపి డబ్బాలో పోసుకుంటే మర్నాడు పొద్దున నీళ్ళు మరిగించి పోసుకోగానే ఉప్మా అయిపోతుంది. పెరుగన్నం, కోసిన కూరలు మంచుపెట్టెలో ఉండాలి. మంచుముక్కలు కొనే బదులు నీళ్ళ సీసాలు గడ్డకట్టించి పెడితే ఎక్కువసేపు చల్లగా ఉంటాయి, కరిగాక తాగవచ్చు. తాగే వాటికి వేరే పెట్టె పెట్టండి. పిల్లలు జ్యూసు కోసం పదిసార్లు మూత తీస్తే పెరుగు పులిసిపోతుంది.

రాత్రిపూట తిండి ఏదీ బయట ఉంచకండి, టెంటులో అసలే ఉంచకండి. రకూన్లు మంచుపెట్టె మూతలు తీయగలవు. అన్నీ కారులో పెట్టి తలుపులు వేసేయాలి.

పొయ్యి బల్ల మీద గాలికి అడ్డం చూసుకుని పెట్టండి. టెంటులో ఎప్పుడూ వెలిగించకండి, వాన పడుతున్నా సరే. పొయ్యి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు రంగూ వాసనా ఉండవు. మనవాళ్ళు ఎక్కువగా వాడే బ్యూటేన్ డబ్బా పొయ్యి మే, అక్టోబరు చలి ఉదయాల్లో మొరాయిస్తుంది. ఆ నెలల్లో ప్రొపేన్ పొయ్యి తీసుకెళ్ళండి. ఎండుమిర్చి పోపు వేసే ముందు గాలి ఎటు పోతోందో ఒక్కసారి చూడండి. పక్క సైటులో పసిపిల్లలు పడుకుని ఉండవచ్చు. ఆ ఘాటు మనకు అలవాటు, వాళ్ళకు కాదు. గిన్నెలు మంచినీళ్ళ కుళాయి దగ్గరా సరస్సులోనూ కడగకూడదు. టబ్బులో కడిగి, ఆ నీళ్ళు పార్కు చూపించిన చోటే పారబోయండి.

నెగడు సైటులో ఉన్న ఇనప చట్రం లోపలే వేయాలి. బీచ్ మీదా దిబ్బల మీదా వేయకూడదు. గాలి జోరుగా ఉన్నరోజు ఆ సరదా మానుకోండి. ఆర్పేటప్పుడు చాలామంది చేసే పని నిప్పుల మీద ఇసుక కప్పేయడం. అది చాలా ప్రమాదం. ఇసుక కింద నిప్పులు గంటల తరబడి కణకణలాడుతూనే ఉంటాయి. పైకి ఏమీ కనబడదు. పొద్దున్నే చెప్పులు లేకుండా పరుగెత్తిన పిల్లల అరికాళ్ళు కాలేది ఇలాగే. నీళ్ళు పోయండి, కర్రతో కలపండి, మళ్ళీ పోయండి. చేయి దగ్గర పెడితే వేడి తగలనంత వరకూ ఆపకండి.

రాత్రి 10 నుంచి ఉదయం 8 దాకా నిశ్శబ్దం పాటించాలి. పాటలు, అంత్యాక్షరి పదింటికి ఆపేయాలి. నాలుగు కుటుంబాలు కలిసినప్పుడు మాటల చప్పుడు ఎంత దూరం పోతుందో మాట్లాడేవాళ్ళకు తెలియదు.

నీళ్ళలో దిగే ముందు

ఈ భాగం మాత్రం ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. మనలో ఈత రానివాళ్ళు ఎక్కువ. ఉప్పు లేదు, సముద్రం కాదు, సరస్సే కదా అనే ధీమా కూడా ఎక్కువ. మిషిగన్ సరస్సు 300 మైళ్ళ పైచిలుకు పొడవు, 118 మైళ్ళ దాకా వెడల్పు, లోతైన చోట 281 మీటర్లు. అలలు సముద్రపు అలలకన్నా దగ్గర దగ్గరగా, ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వకుండా వస్తాయి. ఉప్పు లేని నీళ్ళలో మనిషి సముద్రంలో తేలినంత తేలికగా తేలడు. పార్కు బీచ్‌లో లైఫ్‌గార్డులు ఉండరు.

జెండా చూడండి. ఆకుపచ్చ ఉంటే దిగవచ్చు, పసుపు ఉంటే జాగ్రత్త, ఎరుపు ఉంటే నీళ్ళకు దూరం, రెండు ఎర్ర జెండాలు ఉంటే నీళ్ళలోకి దిగడమే నిషేధం. జెండా లేని ఒడ్డున దిగితే గాలే మీ జెండా. పడమర, వాయవ్యం, నైరుతి నుంచి గాలి జోరుగా వీస్తూ అలలు మూడడుగులకు చేరితే ఒడ్డున కూర్చోవాల్సిందే. గాలి ఆగిన తరువాత కూడా కొన్ని గంటలు లోపలి ప్రవాహాలు ఉంటాయి. జాతీయ వాతావరణ శాఖ వేసవిలో ఈ బీచ్‌లకు అలల ఎత్తు, ఈత ప్రమాదం రోజూ ప్రకటిస్తుంది. ఊళ్ళో సిగ్నల్ ఉన్నప్పుడే చూసుకోండి.

తూర్పు గాలి వీచే రోజు ఇంకో రకం మోసం. నీళ్ళు అద్దంలా ఉంటాయి, అలలే ఉండవు. అయితే గాలి ఒడ్డు నుంచి లోపలికి తోస్తుంటుంది. గాలి నింపిన బొమ్మ మీదో ట్యూబు మీదో ఉన్న పిల్లవాడు నిమిషాల్లో దూరంగా పోతాడు. బంతి కొట్టుకుపోతే దాని వెంట ఈదడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. బంతిని పోనివ్వండి. తూర్పు గాలి గానీ ఉత్తరపు గాలి గానీ నిలకడగా వీస్తే పైనున్న వెచ్చటి నీళ్ళు లోపలికి పోయి, అడుగునున్న చన్నీళ్ళు పైకి వస్తాయి. నిన్న హాయిగా ఈదిన చోటే ఇవాళ పది పదిహేను ఫారన్‌హీట్ డిగ్రీలు తక్కువ ఉండవచ్చు. ముందు చీలమండల దాకా దిగి చూసుకోండి. ఆ తూర్పు గాలి రోజుల్లోనే ఒడ్డున కుట్టే ఈగలు చేరతాయి. చూడటానికి ఇంటి ఈగలాగే ఉంటాయి, చీలమండలనే పట్టి కుడతాయి, దోమల మందును పెద్దగా లెక్కచేయవు. మేజోళ్ళు, పొడవాటి ప్యాంటు వేసుకోండి, లేదా ఆ పూట హామ్లిన్ సరస్సుకు మారండి.

ఈ ఒడ్డు అడుగున ఇసుక మేటలు ఒడ్డుకు సమాంతరంగా వరుసలుగా ఉంటాయి. నడుం లోతు దాకా నడిచాక మళ్ళీ మోకాలి లోతు వస్తుంది. మనిషి ధైర్యంగా ఇంకా ముందుకు పోతాడు. ఆ మేట దాటగానే తల మునిగే లోతు ఉంటుంది. ఈత రానివాళ్ళు మొదటి మేట దాటి అడుగు వేయకూడదు. మేటల మధ్య సందుల్లోంచి నీళ్ళు లోపలికి లాక్కుపోతాయి. సేబుల్ నది సరస్సులో కలిసే చోటా, ఊళ్ళో ఓడల కోసం కట్టిన రాతి గోడల పక్కనా ప్రవాహం ఇంకా గట్టిగా ఉంటుంది. అక్కడ ఈదవద్దు.

ప్రవాహం లాగితే ఒడ్డు వైపు ఎదురు ఈదకండి. వెల్లకిలా తిరిగి తేలండి, ఊపిరి కుదుటపరుచుకోండి, ప్రవాహం సడలాక పక్కకు ఈది బయటపడండి. ఒడ్డున ఉన్నవాళ్ళు కాపాడదామని దూకవద్దు. తేలే వస్తువు ఏదైనా విసిరి, 911కి ఫోను చేయండి. మంచుపెట్టె కూడా తేలుతుంది.

చిన్నపిల్లలకు, ఈత రాని పెద్దలకు హామ్లిన్ సరస్సు బీచ్ చాలా మేలు. లోతు తక్కువ, నీళ్ళు వెచ్చన. ఇది మనుషులు చేసిన సరస్సు. కలప దుంగలను తేల్చి నడపడానికి నదికి ఆనకట్ట కట్టారు. 1888లో ఆ కట్ట తెగి కింద ఉన్న హామ్లిన్ పల్లె కొట్టుకుపోయింది. ఇప్పుడు ఈ సరస్సు దగ్గర కయాక్‌లు అద్దెకు ఇస్తారు. అక్కడైనా పిల్లలకు తీర రక్షక దళం ఆమోదించిన లైఫ్ జాకెట్ వేయండి. చేతులకు తొడిగే గాలి బుడగలు ప్రాణం కాపాడవు. సేబుల్ నదిలో ట్యూబు వేసుకుని తేలుతూ పోవడం ఇక్కడి పిల్లలందరికీ ఇష్టం. ట్యూబు మిషిగన్ సరస్సు చేరకముందే పిల్లలను దించుకోవడానికి పెద్దవాళ్ళు ఒకరు దిగువన నిలబడి ఉండాలి.

ఒడ్డున ఇసుకలో పిల్లలు గుంటలు తవ్వితే మోకాలి లోతు దాటనివ్వకండి. ఇసుక గోడ కూలితే నిమిషంలో మనిషిని మూసేస్తుంది.

దిబ్బల మీద, లైట్‌హౌస్ దాకా

దిబ్బల మీద పచ్చగా నిలబడిన గడ్డి పేరు మారమ్. దాని వేళ్ళు ఇసుక లోపల అడ్డంగా పాకి దిబ్బను పట్టి ఉంచుతాయి. గడ్డి తొక్కుకుంటూ నాలుగుసార్లు పోతే అక్కడ బాట పడుతుంది. ఆ బాటలో గాలి దూరి దిబ్బను కోసేస్తుంది. అందుకే వేసి ఉన్న దారిలోనే, చెక్క మెట్ల మీదే నడవమంటారు. బూడిదరంగు ఆకులతో, నూగుతో ఉన్న ముళ్ళమొక్క కనబడితే కలుపుమొక్క అనుకుని పీకవద్దు. అది పిట్చర్స్ థిసిల్. ఈ పెద్ద సరస్సుల ఇసుకలో తప్ప ఇంకెక్కడా లేదు. ఎన్నో ఏళ్ళు పెరిగి, ఒక్కసారి పూసి చచ్చిపోతుంది. బీచ్‌లో తాడు కట్టి ఉన్న చోట పైపింగ్ ప్లోవర్ అనే చిన్న పిట్ట గూడు ఉండవచ్చు. 1986 నుంచి ఈ సరస్సుల ప్లోవర్లు అంతరించిపోతున్న జాతుల జాబితాలో ఉన్నాయి. గుడ్లు ఇసుక రంగులోనే ఉంటాయి, కాలి కింద పడేదాకా కనబడవు. తాడు దాటకండి.

బిగ్ సేబుల్ పాయింట్ లైట్‌హౌస్‌కు కార్లు పోవు. పైన్స్ నుంచి ఇసుక బాట మీద 1.8 మైళ్ళు నడవాలి. 1867లో కట్టిన ఇటుక స్తంభం అది, 112 అడుగుల ఎత్తు. గాలికీ వానకూ ఇటుకలు రాలిపోతుంటే 1900లో ఉక్కు పలకలు తొడిగారు. తెల్లటి స్తంభం, నడుమ నల్లటి పట్టా. వేసవిలో టికెట్టు కొని 130 మెట్లు ఎక్కవచ్చు. పైనుంచి చూస్తే ఒకవైపు అంతులేని నీలం, ఇంకోవైపు గడ్డి పట్టిన దిబ్బల వరుసలు గాలి వాలుకు వంగి కనబడతాయి. దారిలో నీడ దాదాపు లేదు. పొద్దున్నే బయల్దేరండి, మనిషికి ఒక లీటరు నీళ్ళు పట్టుకోండి, చెప్పులు మర్చిపోకండి. మధ్యాహ్నం ఇసుక పెనంలా కాలుతుంది. తిరుగు ప్రయాణం బీచ్ వెంబడి నడిస్తే, పొడి ఇసుక అడుగు కింద కిచకిచమంటుంది. కాలు కాస్త ఈడుస్తూ నడిస్తే ఇంకా బాగా వినిపిస్తుంది. పెద్దవాళ్ళు అంత దూరం నడవలేకపోతే సేబుల్ నది పక్కన చదునైన బాట ఉంది, ఆనకట్ట దాకా మెల్లగా నడిచి రావచ్చు.

అడవి దారుల్లో నడిచి వచ్చాక పిడుదుల కోసం ఒళ్ళు చూసుకోవాలి. మోకాళ్ళ వెనక, చంకల్లో, నడుం చుట్టూ, పిల్లల జుట్టులో, చెవుల వెనక. నువ్వుగింజంత పిడుదు కూడా లైమ్ జబ్బు తేగలదు. కనబడితే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, తిప్పకుండా నిటారుగా లాగండి. మూడేసి ఆకుల తీగ కనబడితే ముట్టుకోకండి. పాయిజన్ ఐవీ తగిలితే వారాల తరబడి దురద పెడుతుంది.

సర్దుకుని వెళ్ళేటప్పుడు

మధ్యాహ్నం 1 గంటకు సైటు ఖాళీ చేయాలి. పదింటికే మొదలుపెట్టండి. పొద్దున్నే మంచు పడి టెంటు పైగుడ్డ తడిసి ఉంటుంది, దాన్ని ఎండ పడే చోట తాడుకు వేయండి. లోపలి సామాను తీశాక ఇద్దరు పట్టుకుని టెంటును గుమ్మం కిందికి వచ్చేలా ఎత్తి దులపండి. జిప్పుల్లో ఇసుక మిగిలితే రెండు మూడు ప్రయాణాలకే అవి పాడవుతాయి. పాత పళ్ళకుంచెతో వాటి పళ్ళు తోమండి. మేకులు లెక్కపెట్టుకోండి. ఇసుకలో దిగిపోయిన మేకు తరువాత వచ్చే పిల్లల కాలికి గుచ్చుకుంటుంది. గుడ్డ సంచులు తవ్వి తీసి, ఇసుక అక్కడే పోసి, గుంటలు చదును చేయండి. నెగడు బూడిదలో చేయి పెట్టి చల్లగా ఉందో లేదో మరోసారి చూడండి.

పిల్లలు ఏరిన రాళ్ళు తీసుకెళ్ళవచ్చు. మిషిగన్‌లో రాష్ట్ర ప్రభుత్వ భూముల నుంచి మనిషికి ఏడాదికి 25 పౌండ్ల దాకా రాళ్ళు అనుమతిస్తారు. ఇంటికి చేరిన రోజే టెంటు మళ్ళీ విప్పి గ్యారేజీలోనో బాల్కనీలోనో పూర్తిగా ఆరబెట్టండి. తడితో మడిచి ఉంచితే వారంలో బూజు పడుతుంది. వచ్చే వేసవికి అదే సైటు కావాలనిపిస్తే, దాని నంబరు, చేరాలనుకునే తేదీకి ఆరు నెలల ముందు తేదీ, ఉదయం 8 గంటలు అని ఫోనులో ఇప్పుడే రాసి పెట్టుకోండి.